అరుదు తప్ప మిగతావన్నీ

ఆఫీసు గుమ్మం ముందు కారు నిలిపాక కూడా బావ ఇంజను ఆపలేదు.

"ఇప్పటికీ మించిపోయిందేం లేదు మరదలా. వెనక్కి తిప్పెయ్యమంటే తిప్పేస్తా. మీ అక్క అడిగితే దారి మర్చిపోయానని చెప్తా," అన్నాడు.

"మీరు దారి మర్చిపోయారంటే అక్క నమ్ముతుంది బావా. నేను పని మానేసి వెనక్కొచ్చానంటే మాత్రం నమ్మదు," అంటూ ఆమె ముందు చేతికర్ర బయట పెట్టి, దాని వెనక ఎడమకాలు పెట్టి, మెల్లగా దిగింది.

కిందటేడు వానలు మొదలయ్యే రోజుల్లో, కిటికీకి పరదా తగిలిద్దామని స్టూలెక్కి జారిపడింది ఆమె. తొడ ఎముక విరిగింది. ఒకసారి ఆపరేషన్ చేస్తే సరిగా అతకలేదు. లోపలి రాడ్డు మార్చి మళ్ళీ చేశారు. అక్క తన కుట్టుమిషను చెల్లెలి మంచం పక్కకు జరిపించుకుని, ఒక చేత్తో బట్ట తోస్తూ రెండో చేత్తో మందులు అందిస్తూ నెలలు గడిపింది. బావ సాయంత్రం కళ్ళజోళ్ళ దుకాణం మూసివచ్చి, గోడ పట్టించి నడిపించేవాడు. నడిపించినంతసేపూ ఏదో ఒక వేళాకోళం. నవ్వితే కాలు నొప్పి, నవ్వకపోతే ఆయన మొహం చిన్నబోతుంది. ఆమె నవ్వడానికే ఒప్పుకునేది.

ఆఫీసులో ఆమెను అందరూ పిచ్చుక అంటారు. మనిషి పొట్టి, మాట గబగబ, కుర్చీలో పట్టుమని కాసేపు కూర్చోదు. అలాంటి పిచ్చుక ఆ రోజు ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కింది. కింద ఫర్నిచర్ దుకాణం, పైన వీళ్ళ ఆఫీసు కావడంతో వార్నిష్ వాసన మెట్లంతా పరుచుకుని ఉంటుంది. అది ముక్కుకు తగలగానే ఆమెకు కళ్ళు చెమర్చాయి. వార్నిష్‌కి ఎవరికైనా కళ్ళు మండుతాయిలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

పైన ఆ పలకరింపులూ అవీ అయ్యేసరికి చాలా పొద్దెక్కింది. ఒకళ్ళు కుర్చీ జరిపారు, ఒకళ్ళు టీ తెచ్చారు, ఒకళ్ళు కాలు చూపించమన్నారు. ఇన్ని నెలల్లోనూ వీళ్ళు ఫోను చెయ్యని వారం లేదు. ఎలా ఉన్నావు, తిన్నావా, నడుస్తున్నావా అని అడిగేవాళ్ళు. పని సంగతి మాత్రం ఒక్కరు ఎత్తితే ఒట్టు. తనంతట తను అడిగినా "అంతా బాగానే ఉంది, నువ్వు పడుకో" అనేవాళ్ళు. అదే ఆమెకు లోలోపల గుచ్చుకునేది. పడుకో, పడుకో అని మనిషిని మెల్లగా మరిచిపోవడం కూడా ఒక పద్ధతే కదా అనిపించేది.

వాళ్ళది బ్లడ్ బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ. దాతల వివరాలు ఒక భాగం, రక్తపరీక్షలు ఒక భాగం, నిల్వ ఒకటి, పంపిణీ ఒకటి. ఒక్కో భాగాన్నీ మాడ్యూల్ అంటారు. ఒక్క కమాండు కొడితే అన్నీ వరసగా తయారవుతాయి. దాన్నే బిల్డ్ అంటారు. మధ్యలో ఏ ఒక్కటి చెడినా బిల్డ్ అక్కడే ఆగిపోతుంది, దాని వెనకున్నవి నిలిచిపోతాయి.

అందులో అరుదు అనే మాడ్యూల్ పిచ్చుకది. ఎవరికైనా అరుదైన గ్రూపు రక్తం కావలసి వచ్చినప్పుడు, ఆ గ్రూపు దాతల్లో ఎవరు దగ్గర్లో ఉన్నారో, ఎవరు ఈమధ్య రక్తం ఇవ్వలేదో చూసి, ముందు ఎవరికి ఫోను చెయ్యాలో చూపిస్తుంది. బ్లడ్ బ్యాంకుల్లో నర్సుల పక్కన కూర్చుని, వాళ్ళు ఎలా ఫోన్లు చేస్తారో, దాతలు ఏమని తప్పించుకుంటారో విని, మొదటి అక్షరం నుంచి ఆమే రాసింది.

ఆమె కంప్యూటర్లోకి కొత్త కోడంతా దిగాక, అలవాటుగా బిల్డ్ కమాండు కొట్టబోయింది. పక్క సీటు టెస్టరమ్మ, అందరి కోడులో తప్పులు పట్టే ఉద్యోగం ఆమెది, చెయ్యి అడ్డం పెట్టింది. ఇద్దరూ ఒకే ఏడు చేరారు. కలిసి టీ తాగారు, కలిసి మేనేజరు చేత చీవాట్లు తిన్నారు.

"ఆగాగు. అలా కొడితే మధ్యలో ఆగిపోతుంది. చివర్న ఇంకో ముక్క కలపాలి. మైనస్ పీ ఎల్. కొంచెం ఖాళీ వదులు. సింగిల్ కోటు, అదే ఒంటి కొటేషన్ గుర్తు. ఆశ్చర్యార్థకం. దాని పక్కనే..." టెస్టరమ్మ గొంతు తగ్గింది. "దాని పక్కనే అరుదు. మళ్ళీ కోటు."

ఆ చోట ఆశ్చర్యార్థకానికి అర్థం 'తప్ప' అని పిచ్చుకకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అరుదు తప్ప మిగతావన్నీ తయారుచెయ్యి అని.

"ఎప్పట్నుంచి?"

"చాలాకాలమే అయింది. తీరిగ్గా చెప్తాలే. ముందు టీ తాగు, చల్లారిపోతోంది."

పిచ్చుక టీ తాగింది. ఆ కమాండు కొట్టింది. అన్ని పేర్లూ తెరమీద వరసగా పచ్చగా పడ్డాయి, తన మాడ్యూల్ పేరు ఒక్కటి తప్ప. ఎర్రగా పడి ఉన్నా ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు. అసలు ఆ పేరే లేదు.

ఆ పొద్దంతా ఆమె చెవులు ఆ మాట చుట్టూనే తిరిగాయి. గదికి అటు చివర ఎవరో, "ఇదేంటి, కమాండు కొడితే 'అలాంటి సంఘటనే లేదు' అంటోంది," అంటే, ఇంకెవరో తలెత్తకుండానే, "కోట్లు మర్చిపోయి ఉంటావు. కోట్లు లేకపోతే ఆశ్చర్యార్థకాన్ని అది ఇంకోలా అర్థం చేసుకుంటుంది," అన్నారు. నిల్వ మాడ్యూల్ చూసే ఆయన పెదవులు కదుపుతూ టైప్ చేస్తున్నాడు. ఆ పెదవులమీద కూడా అదే పేరు. అందరి వేళ్ళకూ కంఠతా వచ్చేసింది. తను లేకపోతే పని ఆగిపోతుందని పిచ్చుక ఎప్పుడూ అనుకోలేదు. కానీ తన పని ఇలా రోజూ అందరి చేతా పక్కకు నెట్టించుకుంటుందని కూడా అనుకోలేదు.

భోజనాల వేళ మిగతావాళ్ళు లేచి వెళ్ళాక ఆ చివరి ముక్క తీసేసి మామూలు కమాండు కొట్టింది. అరుదు దగ్గరికి రాగానే బిల్డ్ ఎర్రగా ఆగిపోయింది. కారణం చదివింది. దాతల దూరాలు కొలవడానికి మ్యాపుల కంపెనీ ఒకటి ఇచ్చిన కోడు వాడింది తను. ఆ కంపెనీ ఆ పాత కోడును వెనక్కి తీసేసుకుంది. అది దొరక్కపోతే అరుదు తయారుకాదు.

"చూసేశావన్నమాట," అంది టెస్టరమ్మ. తన భోజనం డబ్బా తెచ్చి పిచ్చుక బల్లమీదే విప్పింది. "సరే, విను. నీ రెండో ఆపరేషన్ అయిన వారంలో పొద్దున్నే వచ్చేసరికి బిల్డ్ ఎర్రబడి ఉంది. అదే రోజు నిల్వలో ఒక తప్పు బయటపడింది. ఫ్రిజ్ వేడెక్కితే మోగాల్సిన అలారం మోగటం లేదు. రక్తం పాడైపోతుంది. దాన్ని సరిచేసి వెంటనే పంపాలి. పంపాలంటే బిల్డ్ అవ్వాలి. బిల్డ్ నీ అరుదు దగ్గర ఆగిపోతోంది."

"నాకు ఫోన్ చెయ్యాల్సింది."

"చేస్తే ఏం చేసేదానివి? లాప్‌టాప్ పొట్టమీద పెట్టుకుని మొదలెట్టేదానివి. మీ అక్క మమ్మల్ని కత్తెరతో తరిమేది."

అది నిజమే. పిచ్చుక తన డబ్బా కూడా తీసి విప్పింది.

"మేనేజరు మేడం మీటింగ్ పెట్టింది. ఆవిడ చెప్పిందీ తప్పు కాదు. ఇప్పటికే బ్లడ్ బ్యాంకుల్లో నడుస్తున్న పాత అరుదు ఈ ఏడాది చివరిదాకా పనిచేస్తుందట, తర్వాత మ్యాపుల కంపెనీ అది కూడా ఆపేస్తుందట. ఎలాగూ పోయేదే, దాన్ని ప్రాజెక్టులోంచి తీసేద్దాం, నర్సులు పాతరోజుల్లోలా జాబితా చూసి ఫోన్లు చేసుకుంటారు అంది. అందరం తలూపాం. నేనూ ఊపాను, నీ దగ్గర దాచడమెందుకు. అత్తగారొక్కడే ఊపలేదు."

అత్తగారు మగమనిషి. బిల్డ్ మిషన్ చూసుకునే ఉద్యోగం ఆయనది. కోడులో ఎవరు ఏ పొరపాటు చేసినా కుర్చీ వెనక నిలబడి సణుగుతాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆయనకూ తెలుసు. మొదట్లో కోప్పడేవాడు, తర్వాత పలకడం మొదలుపెట్టాడు.

"ఆయన ఏమన్నాడంటే," టెస్టరమ్మ గొంతు సవరించుకుని ఆయన సణుగుడు దించింది, "'తీసెయ్యడమెందుకు? వదిలి నడిపిద్దాం. కమాండు చివర ఒక ముక్క కలిపితే అరుదును వదిలేసి మిగతావన్నీ తయారవుతాయి. ఆ అమ్మాయి తిరిగొచ్చేదాకా అలా నడపండి' అన్నాడు. మేడం అంది, సరే, అయితే ప్రాజెక్టు ఫైల్లోనే ఆ పేరు కొట్టేద్దాం, రోజూ అందరూ ఆ ముక్క టైప్ చెయ్యడం దేనికి అని. దానికీ ఒప్పుకోలేదు ఈయన. 'ఫైల్లోంచి కొట్టేస్తే నాలుగు రోజులకి అలాంటిదొకటి ఉండేదన్న సంగతే మర్చిపోతారు. చేత్తో కొట్టండి. కొట్టినప్పుడల్లా ఇదొకటి బాగుచెయ్యాల్సింది ఉందని గుర్తొస్తుంది. చేతులేం అరిగిపోవు' అన్నాడు."

పిచ్చుక కలుపుకున్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మేము తక్కువ తిట్టుకోలేదులే ఆయన్ని. కోట్లు మర్చిపోయినప్పుడల్లా తిట్టుకున్నాం. కానీ కొట్టాం. ఆ నిల్వ ఆయన లేడూ, కొత్తగా చేరిన వాళ్ళకి ఈ కమాండు నేర్పుతూ, 'అరుదు అంటే మా పిచ్చుక రాసింది, ఆమె రాగానే ఈ ముక్క తీసేస్తాం' అని చెప్పేవాడు. నిన్ను చూడనివాళ్ళకి కూడా నీ పేరు తెలుసు ఇక్కడ." టెస్టరమ్మ ఇంకో ముద్ద కలుపుకుంది. "ఇంకోటుంది. నీదాన్ని వదిలేస్తే పంపిణీకి కష్టం కదా, అది నీ అరుదు మీద ఆధారపడుతుంది. అందుకని చివరిసారి సరిగా తయారైన అరుదు కాపీనే బిల్డ్ మిషన్లో ఉంచి, దాంతో నడిపించాడు. ఒకరోజు చోటు చాలటం లేదని ఎవరో పాత ఫైళ్ళన్నీ ఊడ్చేశారు. ఆ కాపీ కూడా పోయింది. అత్తగారు ఏం తిట్టాడో ఈ బల్లలకి కూడా గుర్తుండి ఉంటుంది. ఆయనే తన దగ్గర ఇంకో కాపీ దాచి ఉంచాడు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి ఆ మిషన్ దగ్గరికి ఎవర్నీ రానివ్వడు."

పిచ్చుక చెయ్యి కడుక్కుని, మొహం కూడా కడుక్కుని, కర్ర పట్టుకుని గది చివరికి నడిచింది. అత్తగారు బిల్డ్ మిషన్ పక్కన కూర్చుని, కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, కళ్ళజోడు కోసం బల్లమీద వెతుక్కుంటున్నాడు.

"నుదుటిమీద ఉంది," అంది పిచ్చుక.

"నాకు తెలుసు." కళ్ళజోడు కిందికి లాక్కుని ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇంతదూరం నడవమని ఎవరు చెప్పారు? పిలిస్తే నేను రానా?"

"టెస్టరమ్మ అంతా చెప్పింది."

"ఆవిడకి నోరాగదు."

"మీరు చెప్పొచ్చు కదా అత్తగారూ. పొద్దున్నుంచి ఏమనుకున్నానో తెలుసా? నన్ను అందరూ తీసి అవతల పెట్టారనుకున్నాను."

ఆయన బల్లమీది వైరు తీసి అక్కర్లేకపోయినా చుట్టాడు. "అవతలే పెట్టాం. పారెయ్యలేదు. రెంటికీ తేడా లేదూ?" అన్నాడు. తర్వాత సణుగుడు గొంతు తగ్గించి, "అమ్మాయ్, నువ్వు ఆ నర్సుల దగ్గర కూర్చుని రాసింది నేను చదివాను. ఏ దాతకి రాత్రిపూట చెయ్యకూడదు, ఎవరి భార్యకి చేస్తే పని జరుగుతుంది, అవన్నీ ఉన్నాయి అందులో. మళ్ళీ అలా కూర్చుని రాసేదెవరు? నాకు అది పోవడం ఇష్టం లేదు. అంతే. ఇందులో నీకోసం చేసిందేం లేదు," అన్నాడు.

అందులో తన కోసం చేసింది ఎంతుందో పిచ్చుకకు తెలుసు. తెలిసిందని చెబితే ఆయన ఇబ్బంది పడతాడని కూడా తెలుసు. "అయితే రేపట్నుంచి బాగుచేస్తాను," అని మాత్రం అంది.

"రేపట్నుంచి ఎందుకు? ఈ పూటేం చేస్తున్నావు?"

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెబుతుంటే అక్క మిషను తొక్కడం ఆపి వింది. బావ కూడా వేళాకోళం ఆడలేదు. అంతా విని అక్క, "ఆయన ఛాతీ కొలత ఎంతుంటుంది?" అంది.

"నాకేం తెలుసు అక్కా?"

"కనుక్కో. చొక్కా కుడతాను. ఒడ్డూ పొడుగూ చెప్పినా చాలు, మిగతాది నేను చూసుకుంటా." అక్కకు ఎవరిమీదైనా మనసు నిండితే నోటిమాటలు రావు, బట్ట బయటికి వస్తుంది.

పని అనుకున్నంత తేలిక కాలేదు. మ్యాపుల కంపెనీ కొత్త కోడుకూ పాతదానికీ పెద్దగా పోలికలేదు. పిచ్చుక ఎక్కువసేపు కూర్చుంటే తొడ తిమ్మిరెక్కేది. లేచి నిలబడితే టైప్ చెయ్యడానికి బల్ల అందేది కాదు. ఆమె అలా లేస్తూ కూర్చుంటూ అవస్థ పడటం చూసి మేనేజరు మేడం కిందికి దిగివెళ్ళి, గీత పడి అమ్ముడుపోని ఎత్తు బల్ల ఒకటి ఫర్నిచర్ దుకాణం ఆయన్ని అడిగి తెచ్చింది. అడిగి తేవడమే కాదు, ఒక పక్క తనే పట్టుకుని మెట్లెక్కించింది. బల్ల దించి రొప్పుతూ, "అరుదు తీసెయ్యమన్నది నేనేనని చెప్పే ఉంటారు," అంది.

"చెప్పారు మేడం. ఆ రోజుకి అదే సరైన మాట. అలారమే ముఖ్యం."

"ముఖ్యమే. అయినా నా మాట నెగ్గనందుకు సంతోషంగా ఉంది," అని మేడం చీర కొంగుతో చేతికంటిన వార్నిష్ తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

కొత్త కోడుతో అరుదు మొదటిసారి తయారైనప్పుడు టెస్టరమ్మ దానిమీద పడింది. మొహమాటం లేకుండా తప్పుల మీద తప్పులు పట్టింది. వాటిల్లో ఒకటి పిచ్చుకను నిజంగానే భయపెట్టింది. నది అవతలి ఒడ్డున ఉన్న దాతల్ని కొత్త అరుదు అందరికంటే దగ్గరివాళ్ళుగా చూపిస్తోంది. వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలన్న సంగతి దానికి తెలియడం లేదు. పాతదానికి ఆ తెలివి ఉండేది. ఒక నర్సు చెప్పగా పిచ్చుకే పెట్టింది.

"ఇది చూడకుండా పంపి ఉంటే," అంది పిచ్చుక.

"చూడటానికేగా నాకు జీతమిచ్చేది," అంది టెస్టరమ్మ. పిచ్చుక ఆమె భుజం పట్టుకుని గట్టిగా నొక్కింది. అంతకన్నా ఇద్దరి మధ్యా మాటలు అవసరం లేకపోయాయి.

అంతా సరయ్యాక, ఒకరోజు మధ్యాహ్నం బిల్డ్ మిషన్ ముందు కుర్చీ అత్తగారు పిచ్చుక కోసం ఖాళీ చేశాడు. ఆ కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చోవడం ఎవరూ చూసి ఎరగరు. ఆమె కమాండు కొట్టింది. చివర మైనస్ లేదు, కోట్లు లేవు, ఆశ్చర్యార్థకం లేదు. దాతలు పచ్చబడింది. పరీక్షలు పచ్చబడింది. నిల్వ దగ్గర కాస్త ఆలోచించింది. గదిలో కుర్చీలు ఒక్కొక్కటే వెనక్కి జరిగాయి. అందరూ వచ్చి వెనక నిలబడ్డారు. కొత్తగా చేరినవాళ్ళు కూడా, ఆ పేరు తప్ప ఆ మాడ్యూల్‌ని ఎన్నడూ చూడనివాళ్ళు, మునివేళ్ళమీద లేచి చూశారు. అరుదు పచ్చబడింది. దాని వెనక పంపిణీ పచ్చబడింది.

ఎవరూ కేకలు వెయ్యలేదు. నిల్వ ఆయన మాత్రం, "హమ్మయ్య, ఇక కోట్లు మర్చిపోయే బాధ లేదు," అన్నాడు. అందరూ నవ్వారు. పిచ్చుక వెనక్కి తిరిగి వాళ్ళందర్నీ చూసింది. ఏదైనా చెప్పాలని చాలా రోజుల్నుంచి మాటలు కూడబెట్టుకుంది కానీ, ఆ వేళకు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఇన్నాళ్ళు నా అరుదు పేరు చేత్తో రాశారు," అంది చివరికి. "రోజూ రాశారు. నేను మంచంమీద పడుకుని మీరు మర్చిపోయారనుకున్నాను." టెస్టరమ్మ ముక్కు చీదింది. అత్తగారు, "సరే సరే, పన్లు లేవా?" అని అందర్నీ తరిమాడు.

వేళ్ళకు పట్టిన అలవాటు మాత్రం అంత తొందరగా పోలేదు. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు ఎవరో ఒకరు అలవాటుకొద్దీ చివర ఆ ముక్క కొట్టేసేవారు. అరుదు లేకుండా బిల్డ్ అయిపోయేది. అత్తగారు వాళ్ళ వెనక నిలబడి, "బాగున్నదాన్ని ఎందుకు వదులుతున్నారు?" అని ఇంతకు ముందుకంటే ఎక్కువ సణిగేవాడు.

అక్క కుట్టిన చొక్కా ఇచ్చినప్పుడు ఆయన మొదట వద్దన్నాడు, తర్వాత మడతలు విప్పి చూశాడు, తర్వాత భుజాల దగ్గర కుట్టు వేలితో రాసి చూశాడు. "కొలతలు లేకుండా ఇంత సరిగ్గా ఎలా కుట్టింది మీ అక్క?" అన్నాడు. ఆ వెంటే, ఆ మాటకు ఏ సంబంధం లేకుండా, "అమ్మాయ్, కొన్నాళ్ళు సెలవు పెడదామనుకుంటున్నా. మా ఆవిడ చెల్లెలి ఇంటికి వెళ్దామని ఏడాదిగా అడుగుతోంది. ఆ కాపీని వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. ఇప్పుడు అక్కర్లేదు కదా. బిల్డ్ నువ్వు చూసుకుంటావా?" అన్నాడు.

"చూసుకుంటాను. మీరు హాయిగా వెళ్ళిరండి," అంది.

ఆయన వెళ్ళాడు. వెళ్ళిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. దానికి మర్నాడూ చేశాడు. ఆ తర్వాతి రోజు ఫోను మోగితే అవతల ఆయన భార్య గొంతు.

"ఏమ్మా, పిచ్చుకంటే నువ్వేనా? నీ కాలెలా ఉంది? ఏమీ అనుకోకు, ఈయన పక్కనే కూర్చున్నారు. వచ్చిన దగ్గర్నుంచి భోజనం ముందు కూడా అదే గొడవ. అక్కడంతా బాగానే ఉందని ఆయనకి వినపడేలా ఒక్కసారి గట్టిగా చెప్పు తల్లీ. స్పీకర్లో పెడుతున్నా."

పిచ్చుక తెరవైపు చూసింది. ఆ ఉదయపు బిల్డ్ అప్పుడే అయింది.

"అంతా బాగుంది అత్తగారూ," అంది గట్టిగా. గదిలో అందరూ తలలు తిప్పారు. "దేన్నీ వదల్లేదు. మీరు భోంచెయ్యండి."